కాళ్లు బిగుసుకుంటే ఏం చెయ్యాలి?

కాలు పట్టెయ్యడం మనకు కొత్త కాదు.

ఇసకపల్లి ఉప్పు కయ్యల్లో పని చేసేవాళ్లకు తెలుసు. జువ్వలదిన్నె నుంచి వేటకు పోయే వాళ్లకు తెలుసు. నాట్లు వేసే ఆడవాళ్లకు తెలుసు. రోజంతా ఎండలో చెమట కారుస్తారు. రాత్రి పడుకోగానే పిక్క రాయిలాగా బిగుసుకుంటుంది. ప్రాణం పోయినంత నొప్పి. కాసేపు పాదం సాగదీస్తే తగ్గిపోతుంది. చెమటతో పాటు ఒంట్లోని నీరు, ఉప్పు పోవడం వల్ల ఇట్లా జరుగుతుంది. లీటరు నీళ్లలో ఓ.ఆర్.ఎస్. పొట్లం కలుపుకుని తాగితే, కాస్త నీడలో ఉంటే సర్దుకుంటుంది.

ఇప్పుడు మనం చెప్పుకునేది ఈ పట్టు గురించి కాదు. ఇది వేరే బిగింపు. ఇది నరాల జబ్బు వల్ల వస్తుంది. రోజూ వస్తుంది. రాత్రిళ్లు ఎక్కువగా వస్తుంది. చెమట పట్టకపోయినా వస్తుంది. ఈ జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్. పొట్టిగా ఎం.ఎస్. అంటారు. పేరు పెద్దది. కానీ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఎం.ఎస్. అంటే ఏమిటి?

రొయ్యల గుంట దగ్గర మోటారు ఉంటుంది. మోటారుకు కరెంటు వైరు ఉంటుంది. వైరు లోపల రాగి తీగ. పైన తొడుగు. తొడుగు బాగుంటే మోటారు బాగా తిరుగుతుంది. తొడుగు చినిగితే ఏమవుతుంది? కరెంటు సరిగా పోదు. మోటారు ఒకసారి తిరుగుతుంది. ఒకసారి ఆగుతుంది. ఒకసారి కుదుపుతుంది.

మన ఒంట్లో నరాలు కూడా అట్లాంటి వైర్లే. మెదడు నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి కాళ్లకు చేతులకు కబుర్లు పోతుంటాయి. మెదడులో, వెన్నుపాములో ఉండే నరాల పోగులకు పైన ఒక తొడుగు ఉంటుంది. దాని పేరు మయిలిన్. మన ఒంటిని రోగాల నుంచి కాపాడే బలగం ఒకటి ఉంది కదా. ఎం.ఎస్.లో ఆ బలగమే పొరబడి ఈ తొడుగును దెబ్బ తీస్తుంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు అన్నమాట. దెబ్బ తగిలిన చోట మచ్చలు పడతాయి. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు ఈ మచ్చలను, రోగి బాధలను కలిపి చూసి ఇది ఒక ప్రత్యేకమైన జబ్బు అని వివరించాడు.

ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ప్రపంచంలో 28 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2020లో లెక్క వేశారు. చలి దేశాల్లో ఎక్కువ, మన దేశంలో తక్కువ. తక్కువ కాబట్టే మన ఊళ్లలో దీన్ని గుర్తుపట్టడం ఆలస్యం అవుతుంది.

ఒకరికి చూపు మసకబారుతుంది. ఒకరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒకరికి నడక తూలుతుంది. ఒకరికి మూత్రం ఆగదు, లేదా రాదు. చాలామందికి విపరీతమైన నీరసం. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ తిరగబెడుతుంది.

ఇది అంటుజబ్బు కాదు. ముట్టుకుంటే రాదు. ఒకే పళ్లెంలో తింటే రాదు. గాలి సోకడం వల్ల, చేతబడి వల్ల వచ్చింది కాదు. కాబట్టి వాతలు పెట్టించకండి. వాతతో నరం తొడుగు బాగుపడదు. పైగా పుండు పడుతుంది. పుండు పడితే బిగింపు ఇంకా పెరుగుతుంది. ఎందుకో ముందు ముందు చదవండి.

కాళ్లు ఎందుకు బిగుసుకుంటాయి?

మన కండలు జంటలుగా పని చేస్తాయి. తెరచాప పడవలో ఒక తాడు లాగితే ఇంకో తాడు వదలాలి. రెండూ బిగబట్టి లాగితే చాప తిరగదు. కాలు కూడా అంతే. మోకాలు మడవాలంటే వెనక కండ లాగాలి, ముందు కండ వదలాలి. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో మెదడు చెబుతుంది.

మెదడు ఇంకో పని కూడా చేస్తుంది. వెన్నుపామును సముదాయిస్తూ ఉంటుంది. కాలికి చీమ కుట్టిందనుకోండి. వెన్నుపాము వెంటనే కాలు లాగెయ్యమంటుంది. "చిన్న చీమే, అంత గాభరా వద్దు" అని మెదడు అదుపు చేస్తుంది. ఊళ్లో పెద్దమనిషి ఉంటే చిన్న మాట చిన్నగానే పోతుంది. పెద్దమనిషి లేకపోతే చిన్న మాటే పెద్ద తగాదా అవుతుంది.

ఎం.ఎస్.లో మెదడు చెప్పే మాట దారిలోనే తెగిపోతుంది. వెన్నుపామును సముదాయించేవాళ్లు ఉండరు. అప్పుడు దుప్పటి తగిలినా కాలు ఎగిరిపడుతుంది. బిగుసుకుపోతుంది.

ఈ బిగింపు మూడు రకాలుగా కనపడుతుంది.

ఒకటి: మోకాళ్లు ముడుచుకుని పొట్ట వైపు వస్తాయి.

రెండు: కాలు కర్రలాగా తిన్నగా బిగుసుకుంటుంది.

మూడు: రెండు తొడలు దగ్గరికి వచ్చి కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి పడతాయి.

కొందరికి పాదం కుట్టు మిషను తొక్కినట్టు టకటకా ఆడుతుంది.

ఇవేవీ రోగి కావాలని చేసేవి కాదు. "గట్టిగా పట్టుకో, కదలనీయకు" అని రోగిని కసురుకుంటే లాభం లేదు. కాలు ఆమె మాట వినడం లేదు. అదే జబ్బు.

ముందు జబ్బేదో తేల్చుకోవాలి

కాళ్లు బిగుసుకున్న ప్రతివాళ్లకీ ఎం.ఎస్. ఉందని అనుకోకూడదు. ఇంకా చాలా కారణాలున్నాయి.

వెన్నెముకకు క్షయ వస్తే కాళ్లు బిగుసుకుంటాయి. బి-12 అనే విటమిన్ బాగా తగ్గినా నరాలు దెబ్బతింటాయి. వెన్నులో గడ్డ పెరిగినా అంతే. వీటిలో కొన్నిటికి మంచి మందులున్నాయి. త్వరగా కనుక్కుంటే చాలావరకు నయమవుతాయి.

తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైనా ఎముకలు గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. అప్పుడూ కాళ్లు బిగుసుకుంటాయి. ఇది మన జిల్లా చరిత్రలో ఉన్న సంగతే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలో ఈ జబ్బును పరీక్షించి పత్రికలో రాశారు. మనుషుల్లో ఫ్లోరైడు జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి రాతల్లో అది ఒకటి. ఆ ఊళ్ల జనం నడుము వంచలేక, మెడ తిప్పలేక బాధపడ్డారు. కారణం బావి నీళ్లు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

అందుకే పరీక్షలు చెయ్యాలి. నరాల డాక్టరు చూడాలి. ఎం.ఆర్.ఐ. అనే యంత్రంతో మెదడు, వెన్నుపాము ఫొటో తీస్తారు. అందులో మచ్చలు కనపడతాయి. కొందరికి నడుము దగ్గర సూదితో నీరు తీసి పరీక్ష చేస్తారు. ఆ సూదికి భయపడి పారిపోవద్దు.

ముందు నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చూపించండి. అక్కడి డాక్టర్లు పంపితే తిరుపతి స్విమ్స్‌కు గానీ, చెన్నై పెద్దాసుపత్రికి గానీ వెళ్లొచ్చు. జబ్బు తిరగబెట్టకుండా ఆపే మందులు ఇప్పుడు వచ్చాయి. వాటిని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

బిగింపును రేపేది ఏది?

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. నిదానంగా చదవండి.

జబ్బును మనం ఇంట్లో నయం చెయ్యలేం. కానీ బిగింపును రేపే వాటిని కనిపెట్టి తీసెయ్యగలం. ఒక ఇంట్లో మాటలు ఎట్లా జరుగుతాయో చూడండి. ఆశా కార్యకర్త వచ్చింది. కోడలికి ఎం.ఎస్. ఉంది. అత్త మాట్లాడుతోంది.

"ఏందమ్మా ఇది! వారం నుంచి కోడలు రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. కాళ్లు ఒకటే గుంజుకు పోతున్నాయి. మాత్రలు వేస్తూనే ఉన్నాం."

"వారం నుంచి ఏం మారింది అత్తా? విరోచనం అవుతోందా?"

"మూడు రోజులైంది."

"నీళ్లు తాగుతోందా?"

"ఎక్కడమ్మా! తాగితే మాటిమాటికీ బయటికి తీసుకుపోవాల. ఆ బాధ పడలేక నోరు కట్టుకుంది."

"మూత్రం ఎట్లా ఉంది?"

"చిక్కగా, వాసనగా ఉంది."

"అత్తా, మందు చాలక కాదు. లోపల మూత్రం చెడింది. పేగు నిండి ఉంది. కాళ్లు ఆ కబురే చెబుతున్నాయి."

ఆశా కార్యకర్త చెప్పింది నిజం. ఒంట్లో ఎక్కడ బాధ ఉన్నా అది వెన్నుపాముకు చేరుతుంది. రోగికి ఆ చోట స్పర్శ తెలియకపోవచ్చు. మూత్రంలో మంట తెలియకపోవచ్చు. పుండు నొప్పి తెలియకపోవచ్చు. కానీ కాళ్లు బిగుసుకుంటాయి. అందుకే ఉన్నట్టుండి బిగింపు పెరిగితే ఈ కింది వాటిని ఒక్కొక్కటిగా చూడండి.

1. మూత్రాశయం నిండి ఉందా? మూత్రం చిక్కగా, వాసనగా ఉందా? జ్వరం ఉందా? గొట్టం పెట్టి ఉంటే అది మడత పడిందా, మూసుకుపోయిందా?

2. విరోచనం ఎన్ని రోజులుగా కాలేదు?

3. పిర్రల మీద, నడుము కింద, మడమల మీద ఎర్రగా కందిందా? పుండు పడిందా? రోజూ చూడాలి.

4. కాలి వేలి గోరు లోపలికి పెరిగిందా? కాలికి ముల్లు గుచ్చుకుందా?

5. బట్టలు, లంగా బొందు, చెప్పులు బిగుతుగా ఉన్నాయా? పక్క మీద ముడత ఉందా?

6. ఒంట్లో ఎండ వేడి, జ్వరం, లేదా చలి ఎక్కువగా ఉందా?

7. ఏదైనా దిగులు, భయం, నిద్రలేమి ఉందా?

8. మాత్ర ఏ పూటైనా మర్చిపోయారా?

ఈ ఎనిమిదిలో ఏదో ఒకటి చాలాసార్లు దొరుకుతుంది. అది సరి చేస్తే బిగింపు తగ్గుతుంది.

ఆడవాళ్లకు ఒక మాట. బయటికి పోవడం కష్టమని చాలామంది నీళ్లు మానేస్తారు. ఇది చాలా చెడు చేస్తుంది. నీళ్లు తక్కువైతే మూత్రం చెడుతుంది, మలం గట్టిపడుతుంది. రెండూ కలిసి కాళ్లను బిగిస్తాయి. రోగి ఉన్న ఇంట్లో మంచం దగ్గరే మూత్రం పోసుకునే ఏర్పాటు చెయ్యండి. మధ్యలో బెజ్జం చేసిన కుర్చీ, కింద బేసిను, చుట్టూ ఒక చీర తెర. ఖర్చు తక్కువ. మేలు ఎక్కువ. డాక్టరు వద్దని చెప్పకపోతే రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలి. పగలు ఎక్కువగా, పడుకోబోయే ముందు తక్కువగా తాగాలి. ఆకుకూరలు, పండ్లు, జొన్న, సజ్జ తింటే విరోచనం సాఫీగా అవుతుంది.

ఎండతో జాగ్రత్త, కాపడంతో జాగ్రత్త

మన కోస్తాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా సముద్రపు ఉక్క. తొడుగు చినిగిన నరానికి వేడి గిట్టదు. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా కబుర్లు ఆగిపోతాయి. చూపు మసకబారుతుంది. కాళ్లు సత్తువ లేకుండా అవుతాయి. 1890లో ఊథాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు ఈ సంగతి రాశాడు. భయపడొద్దు. ఒళ్లు చల్లబడితే మళ్లీ మామూలు అవుతుంది.

ఎండ ఎక్కకముందే పనులు ముగించుకోండి. తడి తుండుగుడ్డ మెడ చుట్టూ వేసుకోండి. చల్లని నీళ్లతో ఒళ్లు తుడుచుకోండి. మరీ వేడి నీళ్లు పోసుకోవద్దు. మంచు గడ్డ నేరుగా ఒంటికి ఆనించవద్దు. కొందరికి మరీ చల్లదనం కూడా బిగింపును రేపుతుంది.

కాలు పట్టేస్తే మన ఇళ్లలో ఏం చేస్తారు? ఇసక మూట వేడి చేస్తారు. ఇటుక కాల్చి గుడ్డలో చుడతారు. ఆముదం రాసి కాపడం పెడతారు. మామూలు నొప్పులకు అది హాయిగానే ఉంటుంది. కానీ ఎం.ఎస్. ఉన్నవాళ్లకు కాలిలో స్పర్శ తక్కువ. చర్మం కాలుతున్నా తెలియదు. బొబ్బలు లేస్తాయి. కాబట్టి ఇటుక కాపడం, ఇసక కాపడం పెట్టవద్దు.

బిగుసుకున్న ఆ నిమిషంలో

కంగారు పడవద్దు. రోగిని నిదానంగా గాలి పీల్చి వదలమనండి.

కాలిని బలవంతంగా గుంజవద్దు. మీరు ఎంత గుంజితే కండ అంత ఎదురు తిరుగుతుంది. కండ చిరిగే ప్రమాదం ఉంది. చాలాకాలం నడవని వాళ్ల ఎముకలు బలహీనంగా ఉంటాయి. ఎముక విరగొచ్చు కూడా.

మోకాలు ముడుచుకుంటే: అరచేతులు వెడల్పుగా చేసి కాలిని ఊరికే పట్టుకుని ఉండండి. వేళ్లతో గుచ్చవద్దు. పట్టు వదిలిన తర్వాత మెల్లగా చాపండి.

కాలు కర్రలాగా బిగుసుకుంటే: ఒక చెయ్యి మోకాలి కింద పెట్టండి. ఒక చెయ్యి మడమ కింద పెట్టండి. పట్టు సడలేకొద్దీ మెల్లమెల్లగా మోకాలు మడవండి.

పిక్క పట్టేస్తే: పాదాన్ని మెల్లగా మోకాలి వైపుకు వంచి పట్టుకోండి.

పాదం టకటకా ఆడితే: రోగి కుర్చీలో ఉన్నప్పుడు మోకాలి మీద చెయ్యి ఉంచి కిందికి నొక్కండి. మడమ నేలకు ఆనాలి. ఆట ఆగుతుంది.

కుర్చీ అంచున కూర్చోనీయవద్దు. ఉన్నట్టుండి కాళ్లు చాచుకుపోతే మనిషి జారి కింద పడుతుంది.

రోజూ సాగదీయాలి

వలను తడిగా ముద్ద చేసి మూలన పడేస్తే ఏమవుతుంది? చిక్కులు పడి గట్టిపడుతుంది. రోజూ విప్పి ఆరేస్తే మెత్తగా ఉంటుంది. కండలు కూడా అంతే. నెలల తరబడి మోకాలు మడిచి ఉంచితే కండ పొట్టిదైపోతుంది. తర్వాత చాపుదామన్నా కాలు చాపుకోదు. అప్పుడు ఆపరేషన్ దాకా పోవచ్చు. రోజుకు అరగంట పని మానుకున్నందుకు ఎంత నష్టమో చూడండి.

ఉదయం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చెయ్యండి. ఒక్కొక్క సాగును మనసులో మెల్లగా 30 అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోండి. మూడుసార్లు చెయ్యండి. కొంచెం లాగినట్టు ఉండాలి. నొప్పి పుట్టకూడదు. ఊపి ఊపి లాగకూడదు.

పిక్కకు: రోగి వెల్లకిలా పడుకోవాలి. మడమను మీ అరచేతిలో పట్టుకోండి. మీ ముంజేతిని పాదానికి ఆనించండి. పాదాన్ని మెల్లగా పైకి వంచండి. రోగి తనే చేసుకోవాలంటే తుండుగుడ్డను పాదానికి తగిలించి రెండు చేతులతో లాక్కోవచ్చు.

తొడ వెనక కండకు: మోకాలు తిన్నగా ఉంచి కాలు మెల్లగా పైకెత్తండి. లాగినట్టు అనిపించిన చోట ఆపండి.

తొడల లోపలి కండకు: రెండు మోకాళ్లు మడిచి, పాదాలు కలిపి, మోకాళ్లను మెల్లగా పక్కలకు వాల్చండి.

తుంటి ముందు కండకు: రోజూ 15, 20 నిమిషాలు బోర్లా పడుకోవాలి. ఊపిరికి ఇబ్బంది లేకుండా చూసుకోవాలి.

నిలబడగలిగితే కిటికీ ఊచలు పట్టుకుని, పక్కన మనిషి ఉండగా కాసేపు నిలబడాలి. ఒంటి బరువు పాదాల మీద పడితే బిగింపు తగ్గుతుంది. చెరువులో, సముద్రంలో మాత్రం ఒంటరిగా దిగనీయవద్దు.

ఇవన్నీ మొదటిసారి ఫిజియోథెరపీ డాక్టరు దగ్గర చూసి నేర్చుకోండి. వెళ్లేటప్పుడు ఇంట్లో చేసే మనిషి కూడా వెంట వెళ్లాలి.

పడక ఎట్లా ఉండాలి?

కుంగిపోయిన నులక మంచం పనికిరాదు. నడుము వంగుతుంది, మోకాళ్లు ముడుచుకుంటాయి. చదునైన బల్ల మీద మెత్తని పరుపు వెయ్యండి. పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. బరువైన దుప్పటి పాదాల మీద కప్పవద్దు. రెండు గంటలకు ఒకసారి పక్క మార్చండి. కుర్చీలో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే కింద పీట వెయ్యండి.

మాత్రల సంగతి

బిగింపుకు డాక్టర్లు ఎక్కువగా రాసే మాత్ర బాక్లోఫెన్. టిజానిడిన్, గాబాపెంటిన్ అనేవి కూడా వాడతారు. ఏది ఎవరికి సరిపోతుందో డాక్టరు చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనవద్దు. పక్కింటివాళ్ల మాత్ర వేసుకోవద్దు.

మాత్ర తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. కొద్దికొద్దిగా పెంచుతారు. మందు పేరు ఇంగ్లీషులో ఉండొచ్చు. కానీ పక్కన అంకె ఉంటుంది. 5 ఉందా, 10 ఉందా, 25 ఉందా మీరు చదవగలరు. కొనేటప్పుడే చీటీ మీది అంకె, మందు పట్టీ మీది అంకె సరిచూసుకోండి. తేడా ఉంటే అడగండి.

మత్తుగా ఉండడం, తల తిరగడం, కాళ్లు మరీ వదులు కావడం జరగొచ్చు. కొందరు కాలి బిగువు ఆసరాతోనే నిలబడతారు. బిగువు పూర్తిగా పోతే కూలబడతారు. అట్లా అయితే డాక్టరుకు చెప్పాలి. మోతాదు మారుస్తారు. ఈ మాత్రలు వేసుకునేవాళ్లు సారాయి, బ్రాందీ తాగకూడదు. మత్తు మీద మత్తు ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. బాగుందని ఆపకూడదు. డబ్బుల్లేవని ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే బిగింపు పదింతలై తిరగబడుతుంది. జ్వరం రావచ్చు. మూర్ఛ రావచ్చు. లేనివి ఉన్నట్టు కనపడొచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. మానాలంటే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

మన కోస్తాకు కార్తీకంలో, మార్గశిరంలో వాయుగుండాలు వస్తాయి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర పెద్ద రోడ్డు తెగింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. అట్లాంటప్పుడు మాత్రలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఆ నెలల్లో రెండు వారాలకు సరిపడా మాత్రలు ముందే తెచ్చి పెట్టుకోండి. తడవని డబ్బాలో, పిల్లలకు అందని చోట ఉంచండి. తుపాను కేంద్రానికి పోవలసి వస్తే డబ్బా మర్చిపోవద్దు.

మాత్రలకు లొంగకపోతే వేరే దారులున్నాయి. ఒక్క కండే మొండికేస్తే దానికి బొటాక్స్ సూది వేస్తారు. దాని గుణం సుమారు మూడు నెలలు ఉంటుంది. మరీ ఎక్కువైతే చర్మం కింద చిన్న పంపు అమర్చి మందును వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి పంపుతారు. ఇవి పెద్ద ఆసుపత్రుల్లో చేసే పనులు.

ఒక నోటు పుస్తకం పెట్టండి

మీకు చదువు వచ్చింది. రాయడం వచ్చింది. ఆ చదువు ఇక్కడ మందులాగా పని చేస్తుంది. ఒక పుస్తకంలో రోజూ నాలుగు మాటలు రాయండి. ఇట్లా:

సోమవారం. రాత్రి 2 గంటలకు కుడికాలు బిగిసింది. 5 నిమిషాలు ఉంది. విరోచనం కాలేదు.

మంగళవారం. విరోచనం అయింది. రాత్రి ఒక్కసారే బిగిసింది.

బుధవారం. మధ్యాహ్నం మాత్ర మర్చిపోయాం. సాయంత్రం నాలుగుసార్లు బిగిసింది.

రెండు వారాలు రాస్తే ఏది రేపుతోందో మీకే తెలుస్తుంది. ఆసుపత్రికి ఈ పుస్తకం తీసుకుపోండి. డాక్టరుకు చూపించండి. "ఏమో అయ్యా, బాధగా ఉంది" అని చెప్పడం కన్నా ఇది వందరెట్లు మేలు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?

దవడ బిగుసుకుని నోరు తెరవలేకపోతే. అది ధనుర్వాతం కావచ్చు.

జ్వరంతో పాటు బిగింపు ఒక్కసారిగా పెరిగితే.

మూత్రం పూర్తిగా ఆగిపోతే.

చూపు పోయినా, కాలో చెయ్యో కొత్తగా పడిపోయినా, ఒక రోజు దాటినా తగ్గకపోతే. జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు.

మాత్రలు ఆగిపోయి జ్వరం, మూర్ఛ, కలవరింతలు వస్తే.

108కి ఫోన్ చెయ్యండి.

ఇది మీ హక్కు

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఎం.ఎస్. పేరు అందులో లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టంలో 21 రకాలు చేర్చారు. అందులో ఎం.ఎస్. పేరు ఉంది. కాబట్టి ఎం.ఎస్. ఉన్నవాళ్లు సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని సర్టిఫికెట్ అడగవచ్చు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనును 2024లో నెలకు 3,000 రూపాయల నుంచి 6,000 రూపాయలకు పెంచారు. "ఇట్లాంటి జబ్బు పేరు మేం వినలేదు" అని ఎవరైనా అంటే, 2016 చట్టంలో ఉందని చెప్పండి. డాక్టరు రాసిన కాగితాలు, ఎం.ఆర్.ఐ. రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి.

గుర్తుంచుకోండి

బిగింపు పెరిగితే ముందు కారణం వెతకాలి.

నీళ్లు మానకూడదు.

కాలు గుంజకూడదు. మెల్లగా సాగదీయాలి.

ఇటుక కాపడం వద్దు. వాతలు వద్దు.

మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదు.

చదివారు కదా, చెప్పండి

1. ఉప్పు కయ్యల్లో పని చేసేవాళ్ల కాలు పట్టడానికీ, ఎం.ఎస్. వల్ల వచ్చే బిగింపుకూ తేడా ఏమిటి?

2. అత్త చెప్పిన మాటల్లో ఆశా కార్యకర్త ఏ రెండు కారణాలు కనిపెట్టింది?

3. వాయుగుండం రాకముందే రోగి ఉన్న ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

4. మీ ఊళ్లో కాళ్లు బిగుసుకుని మంచాన ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల ఇంటికి వెళ్లండి. పైన రాసిన ఎనిమిది ప్రశ్నలూ వాళ్లకు చదివి వినిపించండి.